సురక్షితంగా సైన్స్ ప్రయోగాలు: ఉపాధ్యాయుల శిక్షణ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హైస్కూల్లో ముప్పై ఏళ్లకు పైగా ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు ప్రయోగాల శిక్షణకు రిసోర్స్ పర్సన్‌గా వెళ్తుంటాను. ఊరు మారినా ప్రశ్నలు మారవు. అందరి ముందు మైకులో అడిగేవి కొన్నయితే, భోజనాల దగ్గర చెయ్యి కడుక్కుంటూ పక్కకు పిలిచి అడిగేవి కొన్ని. రెండో రకానివే అసలైనవి. అందుకే వాటికి ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాను.

ఈ శిక్షణ ఎవరి కోసం?

ఆరు నుంచి పది తరగతుల వరకు సైన్స్ చెప్పే వారందరి కోసం. స్కూల్ అసిస్టెంట్లే రావాలని లేదు. లెక్కల టీచరే ఫిజికల్ సైన్స్ కూడా చెప్పే బడులు మనకు కొత్త కాదు. డిగ్రీలో పరీక్షనాళిక ముట్టుకోనివారు ఎనిమిదో తరగతికి రసాయన పాఠాలు చెప్పాల్సి వస్తోంది. ఈ శిక్షణ ఎక్కువ అవసరమైంది వారికే. మొహమాటపడి వెనక బల్లలో కూర్చోకండి. ప్రధానోపాధ్యాయులు కనీసం ఒక పూట వస్తే మంచిది. ఇసుక బకెట్లు కొన్న బిల్లు మీద సంతకం పెట్టాల్సింది వారే కదా.

ఎన్ని రోజులు? ఏం చేయిస్తారు?

మూడు రోజులు. మొదటి రోజు ఉదయం ప్రసంగాలు ఉండవు, పూలగుత్తులు ఉండవు. బిరడాలో గాజునాళం ఎక్కించడంతో మొదలుపెడతాం. బడి ల్యాబులో అరచెయ్యి తెగే పని ఇదే. నాళం అంచులు మంటలో కాల్చి నునుపు చేయాలి. సబ్బు నీళ్లతో తడపాలి. చేతిలో గుడ్డ వేసుకుని, బిరడాకు దగ్గరగా పట్టుకుని, తోయకుండా తిప్పుతూ ఎక్కించాలి. చూడటానికి రెండు నిమిషాల పని. మొదటిసారే సరిగ్గా చేసినవారిని నేను పెద్దగా చూడలేదు, ఎమ్మెస్సీ చదివినవారితో సహా. ఆ తర్వాత వేడి చేయడం, పలుచన చేయడం, వాయువులను సేకరించడం. రెండో రోజు జీవశాస్త్రం, విద్యుత్తు. మూడో రోజు మీరు పాఠం చెబుతారు, మేము పిల్లల్లా కూర్చుంటాం. కొంత అల్లరి కూడా చేస్తాం.

ఇరవై ఏళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. నాకు మళ్లీ ఎందుకు?

ఇరవై ఏళ్లలో తప్పులు కూడా ముదురుతాయి కాబట్టి. నా సంగతే చెబుతాను. కాలేజీలో మాకు నోటితో పీల్చి పిపెట్ (ద్రవాన్ని కొలిచి తీసే గాజునాళం) నింపడం నేర్పారు. ఉద్యోగంలో చేరాక చాలా ఏళ్లు అలాగే చేశాను. ఒకరోజు తొమ్మిదో తరగతి పిల్లవాడు కాపర్ సల్ఫేట్ ద్రావణంలో గాజునాళం పెట్టి నోటితో పీల్చబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపి ఇదేమిట్రా అంటే, "మీరు అలాగే తీస్తారు కదా సార్" అన్నాడు. ఆ రోజే రబ్బరు బల్బు కొన్నాను. బల్బు దొరకకపోతే సూది లేని సిరంజి చాలు.

భద్రత అంటే చివరికి ప్రయోగాలు తగ్గించమనడమేనా?

ఇదే పక్కకు పిలిచి అడిగే ప్రశ్న. సమాధానం: కాదు. ఇప్పటికే చాలా బడుల్లో ప్రయోగాలు జరగడం లేదు. బీరువాకు తాళం ఉంటుంది, తాళంచెవి ఎక్కడుందో తెలియదు, పిల్లల రికార్డులు మాత్రం గైడు చూసి నిండుతాయి. ఏదైనా జరిగితే నా మీదికి వస్తుందన్న భయమే దీనికి కారణం. ఆ భయం తీరాలంటే ఏది నిజంగా ప్రమాదమో, ఏది కాదో చేతికి తెలియాలి.

ఈ భయం మన దగ్గరే ఉందనుకోకండి. 2005లో బ్రిటన్‌లో రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ ఒక పరిశీలన చేయించింది. నిషేధించారని టీచర్లు నమ్మి మానేసిన ప్రయోగాలలో చాలావాటికి అసలు నిషేధమే లేదని తేలింది.

మేము నిజంగా మానేయమని చెప్పేవి కొన్నే. అమ్మోనియం డైక్రోమేట్ అగ్నిపర్వతం వాటిలో మొదటిది. వైజ్ఞానిక ప్రదర్శనలో అందరూ చప్పట్లు కొట్టే అంశం అదే అని తెలుసు. మండుతున్నప్పుడు ఎగిరే పొడిలో మార్పు చెందని డైక్రోమేట్ కూడా ఉంటుంది, అది క్యాన్సర్ కారకం. వంటసోడా, వెనిగర్‌తో చేసే అగ్నిపర్వతం అంత అందంగా ఉండదు, ఒప్పుకుంటాను. రెండోది పాదరసం. అరచేతిలో దొర్లించి ఆడుకున్న తరం మాది. దాని ఆవిరి కంటికి కనిపించదు, అందుకే భయం వేయదు. పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందాన్ని భారతదేశం 2018లో ఆమోదించింది. బడికి ఆల్కహాల్ థర్మామీటరో, డిజిటల్‌దో సరిపోతుంది. మూడోది బెంజీన్, కార్బన్ టెట్రాక్లోరైడ్. నాలుగోది చాలామందికి తట్టనిది: వేడి చేసేటప్పుడు బీకరు కింద పెట్టే పాత తీగవలల మధ్యలో ఉండే తెల్లటి బిళ్ల. అది ఆస్బెస్టాస్ కావచ్చు. పొడి రాలుతుంటే తడిపి, సంచిలో మూటకట్టి పక్కన పెట్టండి. ఇప్పుడు సిరామిక్ బిళ్లతో వస్తున్నాయి.

సారాదీపం గురించి ఇంత హెచ్చరిక ఎందుకు? అందరూ వాడేదే కదా?

అందరూ వాడుతున్నారు కాబట్టే. దీపంలో పోసే స్పిరిట్‌లో ఉండేది ఇథనాల్. అది 13 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మంటను అందుకోగల ఆవిరిని ఇస్తుంది. మన ఊళ్లలో జనవరి మధ్యాహ్నం కూడా అంతకంటే వేడిగానే ఉంటుంది. అంటే మూత తీసిన స్పిరిట్ సీసా ఎప్పుడూ అంటుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. పైగా దాని మంట లేత నీలం. కిటికీలోంచి ఎండ పడుతుంటే దీపం వెలుగుతోందో లేదో కనిపించదు.

నా కనుబొమ్మలు ఒకసారి అలాగే కాలిపోయాయి. దీపం ఆరిపోయిందనుకుని సీసాతో స్పిరిట్ పోశాను. మంట ధార వెంట పైకి వచ్చింది. సీసా వదిలేసి వెనక్కి దూకడంతో బతికిపోయాను. ముందు బల్లలో పిల్లలు లేకపోవడం నా తెలివి వల్ల కాదు, ఆ రోజు వర్షానికి సగం మంది రాకపోవడం వల్ల.

అప్పటి నుంచి నా పద్ధతులు ఇవి. దీపాన్ని ఇంటర్వెల్‌లో, చల్లారాక, సీసాలోంచి గరాటుతో నింపుతాను. మూడింట రెండు వంతులకు మించి నింపను, అడుగంటే దాకా మండనివ్వను. దాదాపు ఖాళీ అయిన దీపంలో గాలి, ఆవిరి కలిసి పేలుడు మిశ్రమం తయారవుతుంది. ఒక దీపాన్ని వంచి ఇంకో దీపం వెలిగించనివ్వను. ఊది ఆర్పను, మూత పెడతాను. వెలిగించే ముందు స్పిరిట్ సీసా బీరువాలోకి పోతుంది, ఫ్యాను ఆగిపోతుంది, అమ్మాయిల చున్నీలు వెనక్కి ముడిపడతాయి, జడలు వీపు మీదికి పోతాయి.

ఆకులో పిండిపదార్థం పరీక్షకు వస్తే, స్పిరిట్‌లో ఆకు వేసి నేరుగా మంట మీద పెట్టడం చాలా పెద్ద తప్పు. ఇథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి దానికి మంటతో పనే లేదు. ముందు బీకరులో నీళ్లు మరిగించండి, ఆకును ఒక నిమిషం అందులో ముంచండి. దీపం ఆర్పండి. ఇప్పుడే స్పిరిట్ బయటికి తీయండి. పరీక్షనాళికలో ఆకు, స్పిరిట్ వేసి ఆ వేడినీళ్లలో నిలబెడితే కొన్ని నిమిషాల్లో పచ్చదనం దిగిపోతుంది. మంట, స్పిరిట్ ఒకే సమయంలో బల్ల మీద లేవు, గమనించారా? ఈ క్రమం ఒక్కటి అలవాటైనా మూడు రోజులు వృథా కాలేదని నేననుకుంటాను.

ఆమ్లాన్ని పలుచన చేసేటప్పుడు నీళ్లలో ఆమ్లం పోయాలని తెలుసు. అంతకు మించి ఏముంది?

ఎందుకో తెలిస్తే చెయ్యి తప్పు చేయదు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం నీటికంటే దాదాపు 1.84 రెట్లు బరువు. దాని మీద నీళ్లు పోస్తే ఆ నీరు పైనే తేలి, పుట్టిన వేడికి అక్కడికక్కడే మరిగి, ఆమ్లాన్ని వెంటబెట్టుకుని ముఖం మీదికి చిమ్ముతుంది. నీళ్లలో ఆమ్లం పోస్తే అది కిందికి దిగుతుంది, పుట్టిన వేడిని నీరంతా పంచుకుంటుంది. కొద్దికొద్దిగా, కలియబెడుతూ, బీకరును చన్నీళ్ల పళ్లెంలో ఉంచి పోయాలి.

గాఢ ఆమ్లం సీసా పిల్లల ముందుకు రాకూడదు. పలుచన ద్రావణం ముందురోజే మీరు తయారు చేసుకోవాలి. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం సుమారు 85 నుంచి 90 మిల్లీలీటర్లు తీసుకుని లీటరు ద్రావణం చేస్తే దాదాపు ఒక మోలార్ గాఢత వస్తుంది. పదో తరగతి ప్రయోగాలకు అది ధారాళంగా సరిపోతుంది. ఎక్కువ గాఢత పెడితే చర్య బాగా కనిపిస్తుందన్న ఆశ మానుకోండి.

ఆమ్లానికి భయపడి క్షారాన్ని తేలిగ్గా తీసుకోవడం ఇంకో పొరపాటు. కంట్లో పడితే సోడియం హైడ్రాక్సైడే ఎక్కువ ప్రమాదం, అది కంటి పొరల్లోకి దిగుతూనే ఉంటుంది. తాంబూలంలో వేసుకునే సున్నం పిల్లల కంట్లో పడితే ఏమవుతుందో ఇళ్లలో పెద్దవాళ్లకు తెలుసు. అదే సంగతి. పిల్లల చేతికి ఇచ్చేది 0.5 మోలార్ లోపే ఉండాలి.

పాఠ్యపుస్తకంలో ఉన్నవి నిశ్చింతగా చేయవచ్చు కదా?

పుస్తకం రాసినవారు మీ గదికి ఎన్ని కిటికీలు ఉన్నాయో చూడలేదు. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం మొదటి పాఠంలో లెడ్ నైట్రేట్‌ను వేడి చేసే కృత్యం ఉంది. గోధుమరంగు నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది, అది ఊపిరితిత్తులకు హాని. రెండు గ్రాముల బదులు చిటికెడు తీసుకుని, వరండాలో, గాలివాలు చూసుకుని, మీరొక్కరే చేసి చూపండి. ఆస్తమా ఉన్న పిల్లలను దూరంగా నిలబెట్టండి. లెడ్ నైట్రేట్, పొటాషియం అయొడైడ్‌లతో పసుపు అవక్షేపం (ద్రావణంలో కరగకుండా విడిపోయే పదార్థం) చూపాలంటే పారదర్శక ప్లాస్టిక్ షీటు మీద రెండు చుక్కలు కలిపితే చాలు. రంగు అంతే పసుపుపచ్చగా వస్తుంది, సీసం (లెడ్) వ్యర్థం గుడ్డతో తుడిచేంతే. అవక్షేపం అంటే ఏమిటో చూపడమే ఉద్దేశమైతే కాపర్ సల్ఫేట్‌లో పలుచని సోడియం హైడ్రాక్సైడ్ వేయండి, సీసం గొడవే ఉండదు.

హైడ్రోజన్ విషయంలో మాత్రం రాజీ లేదు. జింకు, ఆమ్లం ఉన్న కుప్పె దగ్గరికి, దాని వాయునాళం దగ్గరికి మంట తేవద్దు. గాలిలో 4 నుంచి 75 శాతం వరకు హైడ్రోజన్ ఉంటే చాలు, అంటుకుంటుంది. కుప్పెలో మొదట ఉండేది ఆ మిశ్రమమే, గాజు ముక్కలు ముఖాల మీదికి వస్తాయి. చిన్న పరీక్షనాళికలో వాయువు పట్టి, మూతికి బొటనవేలు అడ్డుపెట్టి, రెండు మీటర్ల అవతలి కొవ్వొత్తి దగ్గరికి తీసుకువెళ్లండి. ఆ టప్‌మనే చప్పుడుకే పిల్లలు కేరింతలు కొడతారు.

తరగతిలో అరవై మంది, ల్యాబ్ అటెండర్ లేరు. ఎలా?

నిజం చెప్పాలంటే అరవై మందితో ఒకేసారి మంట ప్రయోగం చేయించకూడదు. నేను చేయించలేదు, మిమ్మల్ని చేయించమనను. తరగతిని మూడు భాగాలు చేయండి. ఒక భాగం మీ బల్ల చుట్టూ వేడి చేసే పనిలో ఉంటుంది. రెండో భాగం లిట్మస్, పసుపు కాగితం, నిమ్మరసం లాంటి నిరపాయమైన పనిలో, మూడో భాగం బొమ్మలు వేయడంలో, పరిశీలనలు రాయడంలో ఉంటుంది. ఇరవై నిమిషాలకు ఒకసారి మారాలి కాబట్టి రెండు పీరియడ్లు కలిపి కావాలి. టైంటేబుల్ వేసే మాస్టారితో స్నేహంగా ఉండటం కూడా సైన్స్ టీచరు నైపుణ్యాల్లో ఒకటి.

కళ్లద్దాలు అందరికీ కొనే స్తోమత లేదు.

అందరికీ ఒకేసారి అక్కర్లేదు, పైన చెప్పినట్టు భాగాలు చేస్తే ఇరవై జతలు చాలు. చూపు కోసం పెట్టుకునే అద్దాలు వీటికి బదులు కావు, పక్కలు తెరిచి ఉంటాయి. టీచరు పెట్టుకోకపోతే పిల్లలు పెట్టుకోరు.

ల్యాబే లేదు. కుళాయి కూడా లేదు.

ల్యాబు లేకపోతే వరండా, వేపచెట్టు నీడ. కుళాయి లేకుండా మాత్రం ఆమ్లం, క్షారం సీసాలు తెరవొద్దు. కుళాయి అమర్చిన ఇరవై లీటర్ల నీళ్ల క్యాను, పక్కనే నిండు బకెట్లు రెండు, ఒక మగ్గు పెట్టుకున్నాకే మొదలుపెట్టండి.

విద్యుత్తు ప్రయోగాలకు బోర్డు నుంచి కరెంటు తీసుకోవచ్చా?

పిల్లలు చేసేవాటికి వద్దు. 230 వోల్టుల దగ్గర రెండో అవకాశం ఉండదు. 1.5 వోల్టుల బ్యాటరీలు నాలుగు శ్రేణిలో కలిపితే 6 వోల్టులు, హైస్కూలు ప్రయోగాలన్నీ దాదాపు వాటితోనే అవుతాయి. పాత మొబైల్ ఫోన్ల లిథియం బ్యాటరీలు పిల్లలు సరదాగా తెస్తారు. అవి షార్టయితే మండుతాయి, తీసుకోకండి. ఇంకొకటి: ఉప్పునీటిని విద్యుద్విశ్లేషణ చేస్తే క్లోరిన్ వస్తుంది. కిటికీలు తీసి ఉంచి, వాసన తగలగానే ఆపండి.

బయాలజీలో ప్రమాదం ఏముంటుంది?

బీరువాలో ఉండదు, పెరట్లో ఉంటుంది. విత్తనాల పాఠానికి తలా కొన్ని గింజలు తెమ్మంటే ఆముదం, అడవి ఆముదం, గురివింద కూడా వస్తాయి. మూడూ విషమే. గురివింద ఎర్రగా అందంగా ఉంటుంది, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారు. శనగలు, బొబ్బర్లు, చిక్కుళ్లు తెమ్మని పేరుపెట్టి చెప్పండి. ఉమ్మెత్త పువ్వు చూపాలంటే మీరే తెచ్చి, మీరే పారేయండి, చేతులు కడిగించండి.

రొట్టె మీద బూజు చూపేటప్పుడు పారదర్శక సంచిలో వేసి టేపు అంటించాలి, ఆ తర్వాత తెరవకూడదు. ఆగర్ అనే జెల్లీ మీద సూక్ష్మజీవులను పెంచే ప్రయోగాలకు మనిషి ఒంటి వేడిలో, అంటే 37 డిగ్రీల దగ్గర ఉంచవద్దని బ్రిటిష్ సూచనలు చెబుతాయి. రోగకారకాలకు నచ్చే వేడి అది. మన బడిలో మార్చి దాటాక గదే ఇంక్యుబేటర్. కాబట్టి ఆ పని డిసెంబరులో పెట్టుకోండి, లేదా పెరుగు తోడుపెట్టడంతో సరిపెట్టుకోండి. బ్లడ్ గ్రూప్ పరీక్షను తరగతి ప్రయోగంగా చేయించవద్దు. ఒకరి వేలికి గుచ్చిన సూది ఇంకొకరికి తగిలితే హెపటైటిస్ బి చాలు జీవితం తలకిందులు కావడానికి.

రసాయనాల బీరువా ఎలా సర్దాలి?

అక్షరక్రమంలో మాత్రం వద్దు. చూడముచ్చటగా ఉంటుంది గానీ పక్కపక్కన ఉండకూడనివి చేరతాయి. పొటాషియం పర్మాంగనేట్ మీద గ్లిసరిన్ పడితే అగ్గిపుల్ల లేకుండానే మంట లేస్తుంది. మండేవి ఒకచోట, మంటను ఎగదోసేవి ఇంకోచోట, ఆమ్లాలు అన్నిటికంటే కింద, ప్లాస్టిక్ ట్రేలో ఉండాలి. కంటి ఎత్తు దాటి ద్రవాలు పెట్టవద్దు. సీసాలన్నిటి మీదా తెల్లటి పొర పేరుకుందా? హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అమ్మోనియా ఒకే బీరువాలో ఉన్నాయన్నమాట. ఆ పొర అమ్మోనియం క్లోరైడ్.

వేసవి సెలవులు మన బీరువాలకు అసలు పరీక్ష. రెండు నెలలు మూసిన గదిలో అమ్మోనియా సీసాలో పీడనం పెరుగుతుంది. జూన్‌లో బడి తెరిచాక దాన్ని నేరుగా తెరవకండి. ముందు చన్నీళ్ల బకెట్‌లో కాసేపు ఉంచి, కళ్లద్దాలు పెట్టుకుని, కిటికీ దగ్గర, ముఖం పక్కకు తిప్పి, మూతను కొద్దికొద్దిగా వదులు చేయండి. సోడియం ముక్కలు ఉన్న సీసాలో కిరోసిన్ తగ్గిపోయి ఉంటుంది, అదీ చూడండి.

పాత సీసాల సంగతి చాలా బడులకు తలనొప్పే. కాలువలో పోయవద్దు, బావి దగ్గర పాతిపెట్టవద్దు. ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలు హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో, విశాఖ దగ్గర పరవాడలో ఉన్నాయి. ఒక బడి ఒక సీసాను అంతదూరం పంపలేదు. మండలంలోని బడులన్నీ జాబితా కలిపి విద్యాశాఖ ద్వారా రాస్తే కదలిక ఉంటుంది.

ప్రమాదం జరిగితే మొదట ఏం చేయాలి?

నీళ్లు. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని ఇరవై నిమిషాలు సన్నటి ధారతో కడగాలి, ఆ తర్వాతే ఆసుపత్రికి. ఇరవై నిమిషాలు ఎంత పొడవో శిక్షణలో గడియారం పెట్టి చూపిస్తాం, అందరూ ఐదో నిమిషానికే అయిపోయిందనుకుంటారు. కాలినా అంతే, కుళాయి కింద ఇరవై నిమిషాలు. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, ఐసుముక్క ఏదీ వద్దు. చర్మం మీద పడిన ఆమ్లానికి క్షారంతో విరుగుడు చేయబోవద్దు. మింగితే వాంతి చేయించవద్దు, నోరు కడిగించి 108కి ఫోన్ చేయండి, సీసా కూడా ఆసుపత్రికి పంపండి. బట్టలంటుకుంటే నేల మీద దొర్లించి తడి గోనెసంచి కప్పండి. అదే రోజు ప్రధానోపాధ్యాయులకు, తల్లిదండ్రులకు చెప్పండి, జరిగింది జరిగినట్టు రిజిస్టరులో రాయండి. దాచిన ప్రమాదమే ఉద్యోగానికి ముప్పు తెస్తుంది.

ఇంకో రిజిస్టరు రాయాలా?

వద్దు. పాఠ్యప్రణాళికలోనే నాలుగు వరుసలు: ఏది హాని చేయగలదు, ఎవరికి, ఎలా తగ్గించాను, జరిగితే ఏం చేస్తాను. కింద ముందురోజు చేసి చూసిన తేదీ. ఆ తేదీ లేకపోతే పైన నాలుగు వరుసలకూ విలువ లేదు.

ఇలాంటి శిక్షణ ఇంకెక్కడైనా జరిగిందా?

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడులతో ఒక కార్యక్రమం మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే స్వచ్ఛంద సంస్థలు నడిపించాయి, 1982 నుంచి ఏకలవ్య సంస్థ ముందుకు తీసుకెళ్లింది. పల్లెల టీచర్లు వేసవిలో పిల్లల్లా కూర్చుని ప్రతి ప్రయోగమూ తామే చేశారు. చవక వస్తువులతో కిట్లు తయారయ్యాయి. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది, ఇది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం. మన దగ్గర కుప్పంలో అగస్త్య ఫౌండేషన్ ప్రాంగణం చూడదగ్గది, వారి సంచార ప్రయోగశాలలు పల్లె బడులకు వెళ్తాయి. బ్రిటన్‌లో 1963 నుంచి క్లీప్స్ అనే సంస్థ ఉంది. ఫలానా ప్రయోగం చేయవచ్చా అని టీచరు ఫోన్ చేసి అడగవచ్చు. అలాంటి ఫోన్ నంబరు ఒకటి మనకూ ఉండాలని ప్రతి శిక్షణలో ఎవరో ఒకరు అంటారు. అప్పటివరకు మీ స్కూల్ కాంప్లెక్స్‌లోని (చుట్టుపక్కల బడుల సముదాయంలోని) సైన్స్ టీచర్ల వాట్సాప్ గ్రూపే దిక్కు. పండగ శుభాకాంక్షల మధ్య అప్పుడప్పుడు ప్రయోగాల సందేహాలు కూడా పెట్టండి.

ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్షలో వీడియోలు ఉన్నాయి, నిష్ఠ అనే ఉపాధ్యాయ శిక్షణ కోర్సులు చేశాం. అవి చాలవా?

చూసి రండి, మంచిదే. 2020 జాతీయ విద్యావిధానం టీచరుకు ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది, వీడియోలు ఆ గంటలు నింపుతాయి. గాజునాళం ఎంత బలం పెడితే విరుగుతుందో మాత్రం వీడియో చెప్పదు.

వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి?

మీరు చెప్పే తరగతి పాఠ్యపుస్తకం, నూలు బట్టలు, వేళ్లు మూసే చెప్పులు. అన్నిటికంటే ముఖ్యం, మీ బీరువాలోని సీసాల జాబితా. కొన్న సంవత్సరం లేబుల్ మీద ఉంటే అది కూడా రాసుకోండి. లేబుల్ ఊడిపోయిన సీసాలను మూత తీసి వాసన చూడవద్దు, కదిలించవద్దు. వాటికి "గుర్తు తెలియనిది" అని చీటీ అంటించి, ఫొటో తీసుకుని రండి చాలు.